2026 బ్యాచ్ జోస్యం: ఇరవై ఏళ్ళకి ఎవరేమవుతారు? మీ టెన్త్‌లో ఏమనుకున్నారు, ఏమయ్యారు?

డాలస్ అమ్మ · ఫ్రిస్కో, టెక్సస్ · జనవరి 17, 2026

అందరికీ కనుమ వెళ్ళాక సంక్రాంతి శుభాకాంక్షలు.

మా అమ్మాయి ఈ ఏడు సీనియర్, అంటే పన్నెండో తరగతి. మేలో గ్రాడ్యుయేషన్. ఇయర్‌బుక్ (ఏడాది చివర బడి అచ్చేసే ఫొటోల పుస్తకం) కమిటీలో ఉంది, దానికి రెండు శీర్షికలు అప్పజెప్పారు. ఒకటి మీకు తెలిసిందే, సూపర్‌లేటివ్స్. మోస్ట్ లైక్లీ టు సక్సీడ్, బెస్ట్ డ్రెస్డ్, క్లాస్ క్లౌన్ అంటూ ఓట్లేసి ఎన్నుకుంటారు. రెండోది పాతకాలం సరుకు. వందేళ్ళ కిందట ఇక్కడి హైస్కూళ్ళలో గ్రాడ్యుయేషన్‌కి ముందు క్లాస్ డే అని జరిపేవాళ్ళట. ఒకరు లేచి క్లాస్ చరిత్ర, ఇంకొకరు క్లాస్ వీలునామా (మా కిటికీ పక్క సీటు జూనియర్లకి రాసిచ్చాం వగైరా), మరొకరు క్లాస్ జోస్యం చదివేవాళ్ళట. ఆ జోస్యాన్ని వీళ్ళు ఇయర్‌బుక్‌లో మళ్ళీ పెడదామనుకున్నారు. "2046, ఇరవయ్యో ఏటి రీయూనియన్, హాల్లోకి ఎవరెలా అడుగుపెట్టారు" అని రెండు పేజీల కథ.

పిల్లలు పంపిన చీటీలన్నీ కలిపి మొదటి డ్రాఫ్ట్ తయారైంది. మనవాళ్ళ పిల్లలు పది పన్నెండు మంది ఉన్నారు అందులో. అందరూ న్యూరోసర్జన్లు, సీఈఓలు, ఒకడు గూగుల్‌నే కొనేశాడు. మిగతావాళ్ళేమో ఒకడు మోంటానాలో ఆల్పాకాలు పెంచుతున్నాడు, ఒకమ్మాయి మూడోసారి పెళ్ళి చేసుకుని ముగ్గురు మొగుళ్ళనీ రీయూనియన్‌కి తెచ్చింది, ఒకడు ఇంకా పార్కింగ్ లాట్‌లో కారు వెతుక్కుంటున్నాడు. మా అమ్మాయి మూతి ముడుచుకుంది. "అమ్మా, మాకు ఉద్యోగాలిచ్చారు, వాళ్ళకి జీవితాలిచ్చారు" అంటుంది.

మీ టెన్త్ టైములో ఇలాంటిదేమైనా ఉండేదా అని అడిగింది. నేను ఆటోగ్రాఫ్ పుస్తకం గురించి చెప్పాను. ఇంకేమున్నాయి? ఎవరేమవుతారనుకున్నారు, చివరికి ఏమయ్యారు? చెప్పండి, దానికి పనికొస్తుంది.

బేఏరియా బాతాఖానీ · ఫ్రీమాంట్

మాకు జోస్యం లెక్కల మాస్టారు చెప్పేవారు, దక్షిణ లేకుండా. "ఒరేయ్, నువ్వు గేదెలు కాయడానికి కూడా పనికిరావు." ఇప్పుడు ఊళ్ళో నలభై పాడిగేదెలున్న మా మూడో బెంచీవాడిని చూస్తుంటే, ఆ పనికి పనికిరావడమంటే చిన్న విషయం కాదని అర్థమవుతోంది. పాల కేంద్రంలో వాడు పోసే పాలకి వచ్చే వెన్న శాతం చూసి పక్క ఊరివాళ్ళు దాణా ఏం పెడుతున్నావని అడగడానికొస్తారు.

ఆటోగ్రాఫుల్లో మాత్రం అందరం ఒకటే రాసుకున్నాం. "నన్ను మరువకు, నీ జీవితం పూలబాట కావాలి." ఎవడి బాటలో ఏ పూలో ఒక్కడూ రాయలేదు.

ఎడిసన్ పెద్దాయన · న్యూజెర్సీ

నాకు అర్థం కాని సంగతి ఒకటుంది తల్లీ. పిల్లలు డాక్టర్లవుతారంటే అది దీవెన కదా? దానికి మూతి ముడవడమెందుకు? మూడు పెళ్ళిళ్ళు అని రాస్తే సంతోషపడేదా?

డాలస్ అమ్మ

బాబాయ్ గారూ, నేనూ అదే అన్నాను దానితో. "అమ్మా, నేను నాలుగేళ్ళు మార్చింగ్ బ్యాండ్‌లో ట్రాంబోన్ వాయించాను. ఆగస్టు ఎండలో ప్రాక్టీస్ చేశాను. ఒక్కరికీ అది గుర్తు లేదు, నా ఇంటిపేరు చూసి కార్డియాలజిస్ట్ అని రాశారు" అంది. రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయి దానికి.

చాక్‌పీసు · ప్రకాశం జిల్లా

నేను జడ్పీ హైస్కూల్లో సోషల్ చెబుతాను. మాకు ఇయర్‌బుక్కులు లేవు గానీ స్వయం పరిపాలన దినోత్సవం ఉంది. ఆ ఒక్కరోజు టెన్త్ పిల్లలే హెడ్మాస్టరు, టీచర్లు, డీఈఓ, కలెక్టరు. కొన్ని బళ్ళలో విద్యాశాఖ మంత్రి కూడా తనిఖీకి వస్తాడు. ఆడపిల్లలు అమ్మ చీర కట్టుకుని, కుచ్చిళ్ళు జారకుండా నాలుగు పిన్నీసులు పెట్టుకొస్తారు. మగపిల్లలు బాబాయి ప్యాంటు నడుముకి బెల్టుతో బిగిస్తారు. కలెక్టరు గారు మధ్యాహ్న భోజనం దగ్గరకొచ్చి గుడ్లు లెక్కపెట్టిస్తాడు, రిజిస్టరు తిప్పుతాడు, సంతకం మటుకు అసలు కలెక్టరు కంటే పెద్దది పెడతాడు.

అసలు సంగతి వేషాలు పంచడంలో ఉంది. నేను చేరేనాటికి మార్కుల వరసే పద్ధతి. ఫస్ట్ వచ్చిన పిల్ల హెచ్.ఎం., సెకండ్ కలెక్టరు, అలా దిగుతూ దిగుతూ చివరి బెంచీవాళ్ళకి అటెండరు. అంటే పదిహేనేళ్ళ పిల్లాడికి ఊరందరి ముందు వాడి రేపటిరోజు చూపించేస్తున్నామన్నమాట. నేను చీటీలు వేయడం మొదలుపెట్టాను. మొదటి ఏడే ఫస్ట్ ర్యాంకు పిల్లకి అటెండరు చీటీ వచ్చింది. వాళ్ళ నాన్న బడికొచ్చి "మా అమ్మాయికి బంట్రోతు వేషమా" అని గొడవ. ఆ పిల్ల మాత్రం చీటీ మార్చుకోనంది. ఎందుకనుకున్నారు? మా బడి గంట అంటే వేపచెట్టుకి కట్టిన రైలు పట్టా ముక్క, దాన్ని ఇనప కడ్డీతో కొట్టాలి. సాయంత్రం బడి వదిలే లాంగ్ బెల్ కొట్టే అధికారం కలెక్టరుకి కూడా లేదు. అప్పటినుంచి మా బళ్ళో అందరూ ఆశపడే చీటీ అదే. చాటుగా మార్పిడి జరగకుండా ఇప్పుడు నేను కాపలా కాయాల్సొస్తోంది.

కరీంనగర్ పోరడు · హైదరాబాద్

సార్, మీ బడి మంచిగున్నది. నేను ఇంటర్ ఒక పెద్ద కార్పొరేట్ కాలేజీల చదివిన, పేరెందుకు తియ్. మా భవిష్యత్తు సెక్షన్ పేర్లనే ఉండేది. చేరినంక పరీక్ష పెట్టి విడగొడుతరు. పై సెక్షనోళ్ళకు ఏసీ రూము, ఐఐటీ మెటీరియల్, మంచి లెక్చరర్లు. కింది సెక్షనోళ్ళకు ఎంసెట్ చాలని వాళ్ళే డిసైడ్ చేస్తరు. వారానికోసారి టెస్టు, మార్కులు తగ్గితే పెట్టె సర్దుకొని కింది ఫ్లోరుకు. ఒకడు వోయిండంటే మాకు సావు కబురు విన్నట్టే ఉండె. ఫేర్‌వెల్లు లేదు, గ్రూప్ ఫొటో లేదు. రిజల్ట్ వచ్చినంక టీవీల "ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు" అని చదువుతరు చూడుండ్రి, గదే మా ఇయర్‌బుక్. గండ్ల ఉన్నోడు క్లాసుల ఉన్నట్టు. మిగిలినోళ్ళం ఫీజు కట్టినోళ్ళం.

నేను కింది సెక్షన్. ఇప్పుడు జీహెచ్ఎంసీల ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు). మా ఏసీ సెక్షన్ టాపర్ ఏమైండో నాకు తెల్వది, ఎవ్వరికీ తెల్వది. వానితోని మాట్లాడే టైమే ఇయ్యలే మాకు.

బేఏరియా బాతాఖానీ

టాపర్ల సంగతి వచ్చింది కాబట్టి. మైక్రోసాఫ్ట్ సత్య నాదెళ్ళ బేగంపేటలో హైదరాబాద్ పబ్లిక్ స్కూల్. టెన్త్‌లో అడిగుంటే ఏదో చిన్న కాలేజీలో చేరి, హైదరాబాద్ తరఫున క్రికెట్ ఆడి, తర్వాత బ్యాంకులో ఉద్యోగం చేసుకోవాలన్నదే తన కల అని ఆయనే చెప్పుకున్నాడు. ఐఐటీ ఎంట్రన్స్ కూడా దాటలేదు, మణిపాల్‌లో చదివాడు. అడోబీ శంతను నారాయణ్, మాస్టర్‌కార్డ్ నుంచి ప్రపంచ బ్యాంకుకి వెళ్ళిన అజయ్ బంగా, వీళ్ళూ ఆ బడే. జోస్యం రాసి ఉంటే ఎవడు ఊహించేవాడు?

లెక్కలబాబు · మాడిసన్, విస్కాన్సిన్

బాతాఖానీ గారూ, ఆ బళ్ళో చదివి ఎవరికీ తెలియకుండా ఉన్న వేలమంది మాటేమిటి? గెలిచినవాళ్ళని వెనక్కి తిరిగి చూసి "ఎవరూ ఊహించలేదు" అనడం తేలిక. ఒక బ్యాచ్ మొత్తాన్ని ముందునుంచీ పట్టుకుని వెళ్తే తెలుస్తుంది అసలు లెక్క. అది చేసినవాళ్ళున్నారు, మా ఊళ్ళోనే.

1957లో విస్కాన్సిన్ రాష్ట్రంలో హైస్కూల్ చివరి ఏడు చదువుతున్న పిల్లల్ని మీరేమవ్వాలనుకుంటున్నారు, కాలేజీకి వెళ్తారా, మీ స్నేహితులు వెళ్తున్నారా, టీచర్లు, అమ్మానాన్నలు వెళ్ళమంటున్నారా అని అడిగారు. అందులోంచి మూడో వంతు, 10,317 మందిని ఎంచుకుని జీవితాంతం వెంబడించారు. 1964లో తల్లిదండ్రుల్ని అడిగారు. 1975లో, మళ్ళీ 1990ల్లో, 2000ల్లో, 2011లో వాళ్ళనే అడిగారు. ఇప్పుడు బతికున్నవాళ్ళకి ఎనభై ఆరో ఎనభై ఏడో ఉంటాయి. వాళ్ళ ఇయర్‌బుక్ ఫొటోలు కూడా తీసి పరిశోధనకి వాడారు.

తేలిందేమిటంటే, తెలివి, ఇంటి స్థితి రెండూ పనిచేస్తాయి. కానీ అవి చాలా మటుకు ఒక మధ్య మెట్టు మీదుగా పనిచేస్తాయి. ఆ మెట్టు ఏమిటంటే చుట్టూ ఉన్నవాళ్ళు నీ గురించి ఏమనుకుంటున్నారు, నీ స్నేహితులు ఏం చేయబోతున్నారు అన్నది. దాన్ని బట్టి నువ్వు ఆశపడతావు, ఆశని బట్టి చదువు, చదువుని బట్టి ఉద్యోగం. విలియం సీవెల్ బృందం 1969లో ఈ నమూనా ప్రచురించింది, సోషియాలజీలో విస్కాన్సిన్ మోడల్ అంటారు. సమానంగా తెలివున్నా ఆడపిల్లలు, పేదింటి పిల్లలు కాలేజీకి తక్కువ వెళ్ళారన్నది కూడా ఆ బ్యాచ్‌లోనే లెక్కతో చూపించారు.

అంచేత జోస్యం నిజమవుతుందా అని అడగడం కంటే, జోస్యం చెప్పడం వల్ల ఏమవుతుంది అని అడగాలి. చాక్‌పీసు గారు చీటీలు వేయడం మొదలుపెట్టింది అందుకే కదా.

చాక్‌పీసు

బాబూ, నేను అంత ఆలోచించలేదు. కానీ ఆ 10,317 మంది పేపరు ఏదైనా ఉంటే పంపు. ఎంఈఓ ఆఫీసులో చూపించాలి.

బేఏరియా బాతాఖానీ

ఇయర్‌బుక్ ఫొటోలంటే గుర్తొచ్చింది. మిల్స్ కాలేజీ అని ఇక్కడే ఓక్లాండ్‌లో ఉండేది, దాని 1958, 1960 ఇయర్‌బుక్కుల్లో నిజంగా నవ్విన అమ్మాయిలకి తర్వాత జీవితంలో సంసారం, సుఖం బాగున్నాయని 2001లో బర్క్‌లీ వాళ్ళు తేల్చారు. కంటి కొసలు ముడుచుకుంటేనే అసలు నవ్వట.

మా టెన్త్ గ్రూప్ ఫొటోలో నవ్వితే పీఈటీ సారు బెత్తం చూపించేవాడు. ఆ లెక్కన అరవై రెండు మందిలో ఎవడికీ సుఖం లేదు.

సాల్మియా డ్రైవర్ · కువైట్ (ఊరు రాజంపేట పక్కన)

శానా రోజులకి మంచి ముచ్చట పెట్టినారు. నేను 2003 టెన్త్. మాకు స్లాం బుక్ ఉండె. పేరు, ముద్దుపేరు, ఇష్టమైన హీరో, ఇష్టమైన కూర, యాంబిషన్. యాంబిషన్ కాడ నేను ఎస్.ఐ. అని రాసినా. మా క్లాసులో మొగపిల్లోళ్ళు సగం మంది ఎస్.ఐ. అనే రాసినారు, ఒక్కడన్నా కానిస్టేబుల్ అని రాయలా. మరి ఇంతమంది ఎస్.ఐ.లకి ఎవడబ్బా సెల్యూట్ కొట్టేది?

ఇంటర్ ఫెయిలైనాక మా మామ 20 నంబరు వీసా తీసిచ్చినాడు, ఇంటి డ్రైవరుగా వచ్చినా. ఇప్పుడు 18కి మారి కంపెనీలో హెవీ నడుపుతాండా. ఇల్లు కట్టినా, చెల్లెలి పెండ్లి చేసినా, బిడ్డ బీఎస్సీ నర్సింగు.

పోయినేడు మా బ్యాచ్‌ది పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనం పెట్టినారు. సార్లకి శాలువాలు, మెమెంటోలు, మటన్ బిర్యానీ, అంతా బాగుండాది. ఫ్లెక్సీ చూస్తే, సాఫ్ట్‌వేరోళ్ళవి, గవర్నమెంటు ఉద్యోగాలోళ్ళవి పెద్ద బొమ్మలు. మా గల్ఫోళ్ళవి అడుగున స్టాంపు సైజు. చందా మాత్రం మావి పెద్ద సైజు. నవ్వుకున్యాం. ఒకడు మైకు పట్టుకొని "మన బ్యాచ్‌లో సెటిలైనోళ్ళంతా స్టేజి మీదికి రండి" అన్న్యాడు. మేము అయిదుగురం కుర్చీలు సర్దుతా ఉంటిమి. మా హిందీ మేడం లేసి, "ముందు ఆ కుర్చీలు సర్దేవాళ్ళని పిలువు నాయనా, నాకు వాళ్ళ పేర్లే గుర్తున్నాయి, నా సైకిల్‌కి గాలి కొట్టినోళ్ళు" అనింది.

డాలస్ అక్కా, మీ బిడ్డ రాసే రెండు పేజీల్లో ఒక లారీ డ్రైవరన్నా ఉండాడా? అమెరికాలో ట్రక్కు నడిపితే మంచి సంపాదన అంటారు గదా.

డాలస్ అమ్మ

తమ్ముడూ, లేడు. నీ పోస్టు చదివి వినిపించాను. "ట్రక్కు ఎవరూ రాయలేదు, ఎందుకు రాయలేదు" అని అదే ఆలోచిస్తోంది. అయిదొందల మంది దాకా సీనియర్లున్నారు, రెండు పేజీల్లో నలభై మందికి మించి పట్టరు. ఆ నలభై ఎవరూ అంటే అందరికీ తెలిసినవాళ్ళే. ఫుట్‌బాల్ ఆడేవాళ్ళు, స్టూడెంట్ కౌన్సిల్, హోమ్‌కమింగ్‌కి ముప్పై రిబ్బన్లు, గంటలు వేలాడే మమ్ పెట్టుకున్న అమ్మాయిలు. (టెక్సస్‌లో లేనివాళ్ళకి: మమ్ అంటే గుండెల మీద కట్టుకునే పెద్ద గుడ్డ చామంతి. దాని ఖర్చు గురించి వేరే థ్రెడ్ పెట్టాలి.)

టీచర్ లత · న్యూజెర్సీ

నేను ఇక్కడి పబ్లిక్ హైస్కూల్లో కెమిస్ట్రీ చెబుతాను, ఇయర్‌బుక్ బాధ్యత కూడా కొన్నాళ్ళు చూశాను. చెప్పదగ్గవి చెబుతాను.

ఎవరి గురించి రాసినా అచ్చుకి వెళ్ళేముందు వాళ్ళకే చూపించి సరే అనిపించుకోమనండి. పెళ్ళిళ్ళు, విడాకులు, లావు, జైలు, ఇవి వద్దు. నవ్వుతూనే సరే అంటారు, వాళ్ళ అమ్మ ఫోన్ చేస్తుంది. ఇయర్‌బుక్ చివర "ఫొటో లేనివారు" అని ఒక జాబితా ఉంటుంది చూడండి, నేను ముందు అది తీసేదాన్ని. అందులో పేర్లున్న పిల్లలు ఎక్కువమంది బడి అవగానే పనికి పరుగెత్తేవాళ్ళు, లేదా ఏడాది మధ్యలో వచ్చి చేరినవాళ్ళు. జోస్యం పేజీలోకి వాళ్ళలో కొందరినైనా లాగమనండి. కానీ తెలియనివాళ్ళ గురించి కల్పించి రాయొద్దు, వెళ్ళి వాళ్ళనే అడగాలి.

డెడ్‌లైన్ చూసుకోండి. మేలో పుస్తకం చేతికి రావాలంటే చివరి పేజీలు ఫిబ్రవరి, మార్చి లోపలే ప్రింటర్‌కి వెళ్ళాలి.

బైపీసీ పిల్ల · నారాయణగూడ

హాయ్. నేను ఇంటర్ సెకండియర్. అమ్మ పడుకున్నాక రాస్తున్నాను, రిప్లై లేటైతే ఏమనుకోకండి.

మా సెక్షన్‌లో జోస్యం రాయడం చాలా ఈజీ. అందరం డాక్టర్లం. పోయినేడు నీట్ రాసినవాళ్ళు 22 లక్షల పైన, దేశం మొత్తం ఎంబీబీఎస్ సీట్లు లక్షా ముప్పై వేల లోపు. ఆ లెక్క మా జువాలజీ మేడమే బోర్డు మీద వేశారు, భయపెట్టడానికి. తర్వాత "మీరంతా మాత్రం కొడతారు" అని తుడిచేశారు.

లతా మేడం చెప్పినట్టు "వాళ్ళనే అడగడం" అన్నది చూసి మా బెంచీలో అడిగాను. నీట్ కాకపోతే ఏం అని. ముందు ఎవరూ మాట్లాడలేదు, అపశకునం అన్నట్టు చూశారు. లంచ్‌లో మెల్లిగా మొదలుపెట్టారు. ఒకమ్మాయి వెటర్నరీ అంది. ఇంకొకామెకి కేక్ షాపు. ఒకమ్మాయికి మెట్రో రైలు నడపాలనుందట, అమీర్‌పేట స్టేషన్‌లో డ్రైవర్ సీట్లో ఒక అక్కని చూసిందట. నాకు ఏమీ రాలేదు. ఎంత ఆలోచించినా తెల్లకోటే కనబడింది, దాని లోపల నేనున్నట్టు లేదు. ఇప్పుడు బోటనీ డయాగ్రమ్స్ చూసుకోవాలి, గుడ్‌నైట్.

ఎడిసన్ పెద్దాయన

పడుకో తల్లీ ముందు. డయాగ్రములు పొద్దున చూసుకోవచ్చు.

(మా మనవరాలు కూడా ప్రీ-మెడ్. ఆదివారం ఫోన్ చేస్తే అడుగుతాను, కేకులు కాకపోతే ఇంకేమైనా ఉందా అని.)

హెచ్-4 నాన్న · ఇర్వింగ్

రాయాలా వద్దా అనుకుంటూనే రాస్తున్నాను. మావాడు కూడా సీనియరే, ఇదే డాలస్‌లో వేరే బడి. మూడేళ్ళప్పుడు హెచ్-4 మీద (నా ఉద్యోగ వీసా మీద ఆధారపడిన కుటుంబ వీసా) వచ్చాడు. తెలుగు కంటే టెక్సస్ యాసే బాగా మాట్లాడతాడు. వాళ్ళ క్లాసులోనూ సూపర్‌లేటివ్స్ పెట్టారు, వీడిని "మోస్ట్ లైక్లీ టు బి ప్రెసిడెంట్" అని ఎన్నుకున్నారు. డిబేట్ టీమ్ కెప్టెన్. ఇంటికొచ్చి చెప్పి పడీపడీ నవ్వాడు. ఇక్కడ పుట్టలేదు కాబట్టి ఆ పదవికి ఎలాగూ పనికిరాడు, అది సరే. వేసవిలో క్లాస్‌మేట్లంతా చిక్-ఫిలేలో పనిచేస్తే వీడు చేయకూడదు. ఇంటర్న్‌షిప్ అయినా జీతం లేకుంటేనే. ఫెడరల్ సాయం ఫారం నింపే వర్క్‌షాప్‌లో కూర్చుని, మనకి వర్తించదని తెలిసి బయటికొచ్చాడు. నా గ్రీన్‌కార్డ్ క్యూ కదిలే వేగానికి వాడికి 21 నిండిపోతాయి. అప్పుడు వాడు నా మీద ఆధారపడిన పిల్లాడు కాదు, స్టూడెంట్ వీసాకి మారాలి, కొత్తగా దిగినవాడిలా.

వాడి బెస్ట్ ఫ్రెండ్ కూడా తెలుగబ్బాయే, ఇక్కడ పుట్టాడు. ఇద్దరూ ఒకే వీధి, ఒకే బస్సు, ఒకే ర్యాంకు అటూ ఇటూ. 2046 అని వీళ్ళిద్దరికీ ఒకే పేజీలో రాస్తే అది కథే.

కరీంనగర్ పోరడు

అన్నా, గిది మాకు ఇండియాల తెల్వది. అమెరికాకు వోయిండంటే పిల్లలు సెట్ అనుకుంటం.

టీచర్ లత

హెచ్-4 నాన్న గారూ, ఇలాంటి పిల్లలు నా క్లాసులో ప్రతి ఏడూ ఉంటున్నారు. ఒక్క మాట: బడిలో కౌన్సెలర్‌కి వాడి స్టేటస్ సంగతి తెలుసో లేదో కనుక్కోండి. చాలామందికి హెచ్-4 అంటే ఏమిటో తెలియదు, అందరికీ ఒకటే సలహా ఇస్తారు. మెరిట్ స్కాలర్‌షిప్పుల్లో కొన్ని పౌరసత్వం అడగవు, ఆ జాబితా వేరే తీసుకోండి.

డాలస్ అమ్మ

మా పెద్దవాడు కూడా హెచ్-4 మీదే ఇక్కడ కాలేజీలో చేరాడు, టెక్సస్‌లో ఇన్-స్టేట్ ఫీజే (రాష్ట్రంలో ఉండేవాళ్ళకి వేసే తక్కువ ఫీజు) పడింది. ఆ కాగితాలన్నీ దాచాను, మెసేజ్ పెట్టండి, పంపుతాను. మీవాడు యూటీ ఆస్టిన్ చూస్తున్నాడా? ఈ బ్యాచ్ నుంచి ఆటోమేటిక్ అడ్మిషన్ టాప్ 5 శాతానికే, ఇదివరకు 6 ఉండేది. ఆ ఒక్క శాతం దగ్గర మా వీధిలో రెండిళ్ళలో మాటల్లేవు.

హెచ్-4 నాన్న

4లో ఉన్నాడు. బతికిపోయాం. మెసేజ్ పెడతానండీ, థాంక్స్.

లెక్కలబాబు

ఒకటి గమనించారా? 1957 బ్యాచ్‌ని అడిగిన ప్రశ్నల్లో "నిన్ను ఇక్కడ ఉండనిస్తారా" అన్నది లేదు. ఆశ, చదువు, ఉద్యోగం అని మెట్లు గీసినవాళ్ళకి ఆ మెట్టు తట్టి ఉండదు. ఇప్పుడు ఫ్రిస్కోలోనో ఎడిసన్‌లోనో అలాంటి సర్వే పెడితే ముందు అదే అడగాలి.

నిర్వాహకుడు

థ్రెడ్ బాగుంది. వీసా ప్రశ్నలకి వేరే విభాగం ఉంది, వివరాలు అక్కడికి మార్చుకోండి. "ఏ సెక్షన్ మంచిది, ఏ కాలేజీ మంచిది" అని పెట్టిన మూడు పోస్టులు తీసేశాను.

డాలస్ అమ్మ · ఫిబ్రవరి 8, 2026

అప్‌డేట్. మా అమ్మాయి మీ పోస్టులన్నీ నా చేత చదివించుకుని కమిటీలో పోట్లాడింది. స్వయం పరిపాలన చీటీల సంగతి చెప్పిందట. వాళ్ళకి అది తెగ నచ్చింది. చివరికి ఇలా తేలింది: ఎవరికి వాళ్ళే ఒక్క వాక్యం రాసుకోవాలి, 2046లో రీయూనియన్‌కి ఎలా వస్తున్నారో. డబ్బా కెఫెటేరియాలో పెట్టారు, ఆన్‌లైన్ ఫారం కూడా ఇచ్చారు. ఎవరు పెద్దవాళ్ళో చూడకుండా లాటరీ తీసి నలభై అచ్చు వేస్తారు, మిగతావన్నీ సన్న అక్షరాల్లో పేజీల అంచుల చుట్టూ. రెండొందల పైన వచ్చాయి. పేర్లు లేకుండా కొన్ని:

"ఆలస్యంగా వస్తాను. ఇరవై ఏళ్ళైనా మారను."

"మా నాన్న రూఫింగ్ కంపెనీ నాదైంది. మీ అందరి ఇళ్ళ కప్పులూ నేనే వేశాను. వడగళ్ళు పడ్డాయా, ఫోన్ చేయండి."

"రాలేను. డ్యూటీలో ఉంటాను. ఎక్కడో చెప్పకూడదు." (వీడు సైన్యంలో చేరుతున్నాడట, జూన్‌లోనే ప్రయాణం.)

"ఎవరూ నన్ను గుర్తుపట్టరు. ఇప్పుడూ గుర్తుపట్టరు కాబట్టి పెద్ద తేడా ఉండదు. భోజనం ఏం పెడుతున్నారు?"

"పిల్లల డాక్టర్‌ని. అవును, ఇండియన్‌ని. అవును, నాకే ఇష్టమై అయ్యాను. ఇక వదిలేయండి." ఇది రాసింది మనమ్మాయే, బాబాయ్ గారూ, మీకు నచ్చుతుందని ముందే చెప్పాను దానికి.

మాది "ట్రాంబోన్ తెస్తున్నాను, చెవుల్లో దూది పెట్టుకోండి" అని రాసుకుంది.

ఎడిసన్ పెద్దాయన

నచ్చింది. మా మనవరాలిని అడుగుతానన్నానుగా, అడిగాను, ఇంకా జవాబు రాలేదు. "తాతయ్యా, నువ్వు బాగానే ఉన్నావా?" అని ఎదురడిగింది.

హెచ్-4 నాన్న

మావాడి బడిలో ఇలాంటిది లేదు గానీ, ఇది చూపిస్తే వాడూ ఒకటి రాశాడు. ఫ్రిజ్ మీద అంటించాడు. "2046: మా నాన్న ప్రయారిటీ డేట్ కరెంట్ అయింది. పార్టీ మా ఇంట్లో. చిరునామా ఏ దేశమో తర్వాత చెబుతాను." (ప్రయారిటీ డేట్ కరెంట్ అంటే గ్రీన్‌కార్డ్ క్యూలో మన వంతు రావడం.) వాళ్ళమ్మ తీసేయమంది. నేను ఉండనీ అన్నాను.

సాల్మియా డ్రైవర్

రూఫింగు పిల్లోడు నాకు నచ్చినాడు. లారీ మాత్రం ఇప్పటికీ ఎవురూ రాయలా!

డాలస్ అమ్మ

రాశారు తమ్ముడూ, అంచుల్లో ఉంది. "పద్దెనిమిది చక్రాల బండి తెస్తున్నాను, పార్కింగ్ చూసి పెట్టండి" అని. లాటరీలో రాలేదు గానీ సన్న అక్షరాల్లో పడుతుంది.

చాక్‌పీసు

మాకు స్వయం పరిపాలన వచ్చే వారం. ఈసారి చీటీల్లో ఒక ఖాళీ చీటీ కూడా వేద్దామనుకుంటున్నాను, వచ్చినవాళ్ళు ఏ వేషం కావాలంటే అది. హెచ్.ఎం. గారు ఒప్పుకున్నారు, ఒక షరతుతో: పబ్లిక్ పరీక్షలు దగ్గరపడ్డాయి, స్పెషల్ క్లాసు మటుకు ఎగ్గొట్టకూడదు. కలెక్టరైనా సరే సాయంత్రం ఆరింటిదాకా కూర్చుని లెక్కలు చేసుకోవాల్సిందే.